లిఫ్టు కిట్టు కొనే ముందు మీ పాత ఫోర్ బై ఫోర్ కింద ఒకసారి పడుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాతికేళ్ల నాటి డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) మీ చేతికొచ్చింది. ఛాసీ మీద బాడీ కూర్చునే రకం. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ఇంటి దగ్గర కాస్త నీడ, ఓ మోస్తరు పనిముట్లు, సెలవు రోజులు ఉన్నాయి. బండిని నాలుగంగుళాలు ఎత్తే లిఫ్టు కిట్టు, పెద్ద టైర్లు, ముందు వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) వేద్దామనుకుంటున్నారు. ఏది ముందు, ఏది తర్వాత, ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు అన్నది ప్రశ్న.

ఇరవై ఏళ్లుగా ఇలాంటి బండ్ల కింద పడుకుని పనిచేస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. ఆ మూడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి. ముందు బండిని కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురండి. మీరు కొత్తగా బిగించే ప్రతి వస్తువూ తన భారాన్ని ఏదో ఒక పాత వస్తువు మీద వేస్తుంది. పెద్ద టైరు భారం వీల్ బేరింగు మీద పడుతుంది. లిఫ్టు భారం ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజిను తిప్పుడును యాక్సిల్‌కి అందించే కడ్డీ) క్రాసుల మీద, అంటే దాని కీళ్ల మీద పడుతుంది. వించి భారం ముందు కమాన్ల మీదా, బ్యాటరీ మీదా పడుతుంది. అవి ఇప్పటికే అరిగి ఉంటే, రేపు ఏదైనా విరిగినప్పుడు తప్పు కొత్తదానిదో పాతదానిదో తేల్చుకోలేరు.

అన్నిటికంటే ముందు జాకీ సంగతి. ఇది చదవకుండా కిందికి వెళ్లకండి.

చాలా పాత ఫోర్ బై ఫోర్లలో హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిను శక్తిని ముందు వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక డ్రమ్ము ఉంటుంది, దాన్ని పట్టుకుంటుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నంతసేపు అది గట్టిగానే ఆపుతుంది. వెనక ఒక చక్రం పైకి లేపారనుకోండి, షాఫ్టు బిగుసుకునే ఉన్నా డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలనీ వేరువేరుగా తిరగనిచ్చే గేర్లు) తన పని తాను చేస్తుంది: గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేల మీది చక్రం రెండోవైపు దొర్లుతుంది. అంటే హ్యాండ్‌బ్రేక్ లేనట్టే. బండిని గేరులో వదిలినా అంతే, గేరు కూడా ఆ షాఫ్టునే పట్టుకుంటుంది కాబట్టి. నాకు ఇది పుస్తకంలో తెలియలేదు. వెనక ఎడమ చక్రం తీసి బ్రేకు డ్రమ్ము ఊడదీస్తున్నాను. పానా మార్చుకుందామని పక్కకు తిరిగాను. బండి చప్పుడు లేకుండా ముందుకు కదిలింది, జాకీ పక్కకి ఒరిగింది, డ్రమ్ము అంచు నేలకి కొట్టుకుని గచ్చు పగిలింది. అరనిమిషం ముందు నా చెయ్యి సరిగ్గా ఆ డ్రమ్ము కింద ఉంది. అప్పటినుంచి నేలమీద ఉండే చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మెలు పెట్టకుండా జాకీ ముట్టుకోను. ఫోర్ వీల్ వేసి, ముందు హబ్బులు లాక్ చేయడం (ముందు చక్రాలని కూడా షాఫ్టుకి కలపడం) అదనపు జాగ్రత్త మాత్రమే, దిమ్మెలకు బదులు కాదు. జాకీ ఎత్తడానికే, ఎత్తాక బండి స్టాండ్ల మీద కూర్చోవాలి. పొడవాటి హై లిఫ్ట్ జాకీ మీద నిలబడిన బండి కిందకి తల పెట్టనే పెట్టొద్దు.

ఇక పని. ముందు ఒక రోజంతా ఛాసీకి ఇవ్వండి. బురద పూర్తిగా కడిగి, ఆరాక, చిన్న సుత్తితో తట్టుకుంటూ పొండి. మంచి ఇనుము ఖణేల్ మంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కమాన్ల హ్యాంగర్ల చుట్టూ, బాడీ మౌంట్ల కింద, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి అతికిన చోట బురద నిలుస్తుంది; తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ప్రత్యేకంగా చూడండి. పెద్ద టైర్లతో రాళ్లలో తిప్పిన బండ్లకి అక్కడ వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. వైరు బ్రష్షుతో రంగు గీకి, టార్చి పక్కనుంచి వేసి చూస్తేగానీ కనపడవు. ఇంకొకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని చెప్పి మీరు బాక్సు మీద వేలు పెట్టండి. బాక్సు ఛాసీతో పాటు కదలకుండా తను విడిగా కదులుతుంటే అక్కడ పగులో, వదులైన బోల్టో ఉన్నట్టే.

ఛాసీ వెల్డింగు మాత్రం మీకు చెయ్యి తిరిగి ఉంటే తప్ప ఇంట్లో చేయకండి, అనుభవమున్నవాళ్ల చేత చేయించండి. చేయించేటప్పుడు కూడా దగ్గరుండి రెండు సంగతులు చూసుకోండి. పగులు చివర చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. పైన వేసే అతుకు పలక చదరంగా కాకుండా డైమండ్ ఆకారంలో ఉండాలి. ఛాసీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డు వేస్తే సరిగ్గా ఆ గీత పక్కనే మళ్లీ విరుగుతుంది. బ్యాటరీ తీగలు రెండూ తీసేయండి, డీజిల్ ట్యాంకు దగ్గరైతే ట్యాంకే దించేయండి.

తర్వాత నూనెలు. ఇది చవకైన పని, బండి గురించి ఎక్కువ చెప్పే పని కూడా. ఇంజిను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు: అయిదూ మార్చండి. నూనె పోసే బోల్టు ఊడుతుందో లేదో చూశాకే కిందిది విప్పాలి. కిందిది విప్పి నూనెంతా వదిలేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు (పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరిగే రకం) ఉంటాయి కనుక జీఎల్-5 తరగతి గేరు నూనె వాడతారు. అదే నూనె గేరుబాక్సులో కూడా పోసేస్తుంటారు, అది పొరపాటు. ఇత్తడి సింక్రో రింగులున్న (గేరు సాఫీగా పడేలా చేసే రింగులు) పాత గేరుబాక్సులు చాలావాటికి కంపెనీ జీఎల్-4 చెబుతుంది; కొన్ని జీఎల్-5 నూనెల్లోని గంధకపు మందులు ఇత్తడిని తింటాయి. మాన్యువల్ ఏది చెబితే అదే.

పాత నూనె వదిలేటప్పుడు ఒక పని చేయండి. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే కింది బోల్టును పూర్తిగా ఊడదీయకుండా కొద్దిగా వదులు చేయండి. నీళ్లు నూనెకంటే బరువు, అడుగున పేరుకుంటాయి, ముందు అవే వస్తాయి. ఓసారి ఒక వాగు దాటిన వారం తర్వాత నేను ముందు డిఫరెన్షియల్ అలా విప్పితే మొదట ముప్పావు గ్లాసు తేట నీళ్లు కారాయి, ఆ వెనక పాలు కలిసినట్టు బూడిద రంగు నూనె వచ్చింది. బయటికి ఒక్క చుక్క లీకు లేదు. నీళ్లు ఎలా వెళ్లాయంటే, రోడ్డు మీద నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. హౌసింగ్ పైన ఉండే చిన్న బ్రీదర్ టోపీ (గాలి వచ్చిపోయే రంధ్రం మూత) మట్టితో మూసుకుపోతే బయటి గాలి లోపలికి రావడానికి దారి ఉండదు. అప్పుడు యాక్సిల్ సీళ్ల (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగుల) పక్కనుంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. ఇదే బ్రీదర్ ఎండలో దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది: లోపలి గాలి వేడికి ఉబ్బి, పోయే దారి లేక, సీలును తోసుకుని నూనెను బయటికి నెడుతుంది. యాక్సిల్ సీళ్లు పదేపదే కారుతుంటే జనం సీళ్లు మారుస్తూనే ఉంటారు, బ్రీదర్ వైపు చూడరు.

అందుకే ఈ బండికి మీరు చేయబోయే మొదటి మార్పు లిఫ్టు కాకుండా బ్రీదర్ పైపు కావాలని నా సలహా. టోపీ తీసి, అక్కడ నిపిల్ బిగించి, నూనెకి తట్టుకునే రబ్బరు పైపును ఇంజిను గదిలో ఎత్తయిన చోటికి తీసుకెళ్లండి. కొస కిందికి వంగి ఉండాలి. యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు పైపు బిగుసుకోకుండా కొంత వదులు ఉంచండి. గంట పని. రెండు యాక్సిళ్లకీ చేయండి, కుదిరితే గేరుబాక్సుకి, ట్రాన్స్‌ఫర్ కేసుకి కూడా.

సీలు మార్చినా కారుతుంటే, షాఫ్టు మీద పాత సీలు పెదవి అరగదీసిన గాడిని గోటితో తడిమి చూడండి. గోరు చిక్కుకుంటే కొత్త సీలు కూడా అక్కడ నిలవదు. సన్నటి స్లీవు ఎక్కించుకోవచ్చు, లేదా వీలున్న చోట సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికో తక్కువకో కొట్టి గాడిని తప్పించవచ్చు.

ముందు చక్రాల దగ్గర ఆట, అంటే ఉండకూడని వదులు, వెతకండి. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కాక ఆట పోయిందంటే అది వీల్ బేరింగు, ఇంకా ఉందంటే చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్. చక్రాన్ని కుడి ఎడమలకి పట్టుకుని ఊపితే టైరాడ్ ఎండ్ల (స్టీరింగ్ కడ్డీల కొస కీళ్ల) ఆట తెలుస్తుంది. బేరింగుల్లో పాత గ్రీజు పూర్తిగా కడిగేశాకే కొత్తది నింపండి. అన్ని గ్రీజులూ ఒకదానితో ఒకటి కలవవు. కలవనివి కలిస్తే పల్చబడి కారిపోతాయి. సాలిడ్ యాక్సిల్ బండ్లలో ఒక వేగం దాటగానే గతుకు తగిలితే స్టీరింగ్ పిచ్చెత్తినట్టు కొట్టుకునే జబ్బు ఒకటుంది. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇలాంటి చిన్న చిన్న ఆటలన్నీ పోగవడమే. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే షాకబ్జార్బర్) మారిస్తే కొన్నాళ్లు దాక్కుంటుంది, పోదు.

బ్రేకుల విషయంలో బేరాలు వద్దు. రబ్బరు హోసులు పాతవైతే చూడ్డానికి బాగున్నా మార్చేయండి. లోపల ఉబ్బి నూనెని ఒకవైపే పోనిస్తాయి, చక్రం పట్టేస్తుంది. బ్రేకు నూనె గాల్లోంచి తేమ పీలుస్తుంది. డాట్ 4 నూనెకి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. పొడుగాటి దిగుడులో పెడల్ మెత్తబడి కిందికి పోవడానికి ఆ తేడా చాలు. రెండేళ్లకోసారి మార్చండి. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు.

డీజిల్ లైను గురించి ఒక్క మాట. పొద్దున్న స్టార్టు కావడానికి మొరాయిస్తూ, ఒకసారి అయ్యాక బాగా నడుస్తుంటే చాలామంది పంపు విప్పించేస్తారు. ముందు ట్యాంకు నుంచి పంపుకి వచ్చే గొట్టాలు చూడండి. అటువైపు లాగుడే ఉంటుంది కనుక పగులు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఫిల్టరుకీ పంపుకీ మధ్య ఒక జానెడు పారదర్శక గొట్టం పెడితే బుడగలు కళ్లకి కనిపిస్తాయి.

రేడియేటర్ శుభ్రం చేయించండి, మూత మార్చండి, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం ఉందో లేదో చూసుకోండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయకండి, ఇంజిను ఎప్పుడూ చల్లగా నడిచి అరిగిపోతుంది.

కరెంటు వైపు పాత బండి జబ్బుల్లో సగం ఎర్తు జబ్బులే. హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటరు ఒక తీగ లైటు ఎర్తు దగ్గర, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే అక్కడ రంగో తుప్పో అడ్డుంది. గీకి, బిగించి, గ్రీజు రాయండి. ఇంజిను నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి బాడీకి వెళ్లే పట్టీలు కొత్తవి వేయండి. అదనపు లైట్లు ఏవి పెట్టినా రిలే ద్వారానే, ఫ్యూజు బ్యాటరీ పక్కనే.

ఇదంతా అయ్యాక, రెండు మూడు నెలలు బండి నడిపాక, లిఫ్టు మాట. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. లిఫ్టు కిట్టు బాడీని ఎత్తుతుంది గానీ డిఫరెన్షియల్‌ని నేలనుంచి ఒక్క నూలు కూడా ఎత్తదు. రాయికి ముందు తగిలేది యాక్సిల్ మధ్యలో గుండులా ఉబ్బిన ఆ డిఫరెన్షియలే. దాన్ని ఎత్తేది టైరు ఒక్కటే, అదీ వ్యాసంలో పెరిగిన దాంట్లో సగం. 29 అంగుళాల టైరు తీసి 31 వేస్తే అక్కడ మీకొచ్చేది ఒక్క అంగుళం. ఆ అంగుళానికి చెల్లించేదీ తెలుసుకోండి: టైరు ఇంచుమించు 7 శాతం పెద్దదైంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే మీరు 64 మీద పోతుంటారు. 4.10 ఉన్న యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి షాఫ్టు తిరిగే చుట్లు) 3.84 అయినట్టు ఇంజిను ఈడుస్తుంది, ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడుతుంది. 31 దాకా పాత ఇంజిను సర్దుకుంటుంది. అంతకు మించితే క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌లో ఆ నిష్పత్తిని ఇచ్చే గేర్ల జత) మార్చాలి. మార్చితే ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన క్షణం రెండు యాక్సిళ్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. క్రౌన్ పినియన్ అమర్చడం షిమ్ములతో, డయల్ గేజితో చేసే పని; ఇంట్లో మొదటిసారి ప్రయత్నించాల్సింది కాదు.

నాలుగంగుళాలు వద్దు, రెండు చాలు. రెండుతో 31 అంగుళాల టైర్లు చాలా బండ్లలో పడతాయి, మిగతా కొలతలు చెయ్యి దాటిపోవు. నాలుగు ఎత్తితే మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరుగుతుంది. రెండు చివరలా ఒక్కో క్రాసున్న షాఫ్టులో ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజీ, పినియన్ ఫ్లాంజీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అది తప్పితే వణుకు మొదలై, క్రాసులు నెలల్లో పోతాయి. షాఫ్టు జారే భాగం యాక్సిల్ వేలాడినప్పుడు ఊడిపోయేంత దూరం రావచ్చు. డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఏటవాలై, ప్రతి గతుకుకీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. బ్రేకు హోసులు పొట్టివవుతాయి.

చవకగా ఎత్తడానికి పొడుగు షాకిళ్లు (కమాను చివరని ఛాసీకి కలిపే ఊగే పట్టీలు) వేసే అలవాటు ఒకటుంది. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళం. షాకిల్ కమానుకి ముందు చివర ఉన్న బండిలో అలా చేస్తే ముందు యాక్సిల్ పైభాగం ముందుకి వాలుతుంది, క్యాస్టర్ (చక్రం పక్కలకి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది, స్టీరింగ్ తిప్పాక దానంతటది మధ్యకి రాదు, తిన్నని రోడ్డు మీద బండి తిరుగాడుతుంది. వాలు ముక్కలు పెట్టి క్యాస్టర్ సరిచేస్తే పినియన్ వాలు మారుతుంది. నేను షాకిళ్లతో ఎత్తను. బరువుకి తగ్గ కొత్త కమాను కట్టలు వేస్తాను.

కమాన్లు మార్చడం మాత్రం ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు. ఒక యాక్సిల్ తర్వాత ఒకటి, ఒక పక్క తర్వాత ఇంకో పక్క. తుప్పు బోల్టులకి మూడు రోజుల ముందు నుంచే నూనె కొడుతూ ఉండండి. కమాను కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కమానుని యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి, అవి బిగింపుకి ఒకసారి సాగినవి. కమాను చివరి కళ్లలోని బోల్టులు వదులుగానే ఉంచి, బండి బరువు చక్రాల మీదికి దించాక బిగించండి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు మెలిపడి త్వరగా చిరుగుతుంది. యూ బోల్టుల నట్లు మూలమూలగా, కొద్దికొద్దిగా, మాన్యువల్ చెప్పిన టార్కుకి బిగించండి. తర్వాత బండిని ఛాసీ మీద లేపి యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పుతూ ప్రతి హోసూ, ప్రతి తీగా తడిమి చూడండి. ఏదీ బిగుసుకోకూడదు. ఒక పక్క కమాను పూర్తిగా నొక్కుకున్నప్పుడు బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మె) తగిలాకే ఆగాలి, షాకబ్జార్బర్ అడుగంటి ఆగకూడదు.

వించి గురించి తక్కువే చెబుతాను. సామానుతో సహా బండి బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది కావాలి. రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుంది, పై చుట్లలో తగ్గిపోతుంది. పూర్తి లోడులో 400 ఆంపియర్ల దాకా తాగుతుంది కనుక బ్యాటరీ మంచిది ఉండాలి. కానీ వించి కంటే ముందు ఛాసీకి బిగించిన గట్టి కొక్కేలు ముందొకటి, వెనకొకటి కావాలి. ట్రెయిలర్ గుండుకి తాడు తగిలించి ఇరుక్కున్న బండిని ఎప్పుడూ లాగకండి. ఆ ట్రెయిలర్ గుండు విరిగితే తుపాకీ గుండులా వస్తుంది, దానివల్ల మనుషులు చనిపోయారు. ఇరుక్కున్నప్పుడు అసలు మొదటి మందు టైర్లలో గాలి తగ్గించడం. ఇసుకలో 15 నుంచి 18 పీఎస్ఐకి దించితే వించి అవసరమే చాలాసార్లు రాదు. తారు రోడ్డు ఎక్కేముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉంచుకోండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే వేసుకునే రకం) బండి అయితే ఆ తారు రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేయండి; మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు తిరుగుతాయి, జారడానికి మట్టి లేకపోతే ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది.

లిఫ్టు, టైర్ల మార్పులు మీరున్న చోటి చట్టానికీ బీమాకీ సరిపోతాయో లేదో డబ్బు ఖర్చుపెట్టకముందే కనుక్కోండి.

అన్నీ బిగించాక మొదటి ప్రయాణం ఇంటికి దగ్గర్లోనే, యాభై కిలోమీటర్లు. తిరిగి వచ్చాక బండి ఆపగానే నాలుగు హబ్బుల దగ్గరా చేతి వెనకభాగం జాగ్రత్తగా దగ్గరికి పెట్టి వేడి చూడండి. ముందు రెండూ ఒకదానితో ఒకటి, వెనక రెండూ ఒకదానితో ఒకటి పోల్చండి. ఒకటి మాత్రం చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే అక్కడ బేరింగు మరీ బిగుతుగా ఉంది, లేదా బ్రేకు పట్టేస్తోంది. తర్వాత యూ బోల్టులు 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి మళ్లీ బిగించండి. 100 దగ్గర నట్టు పావు చుట్టు తిరిగితే కంగారు పడకండి, కొత్త కట్ట సర్దుకుంటోంది. 500 దగ్గర కూడా అంతే తిరిగితే మాత్రం విప్పి సెంటర్ బోల్టు గుంటలో కూర్చుందో లేదో చూడండి.